నాలుగు హద్దుల మధ్య చెంగమ్మ

1978 జూన్ 11, ఆదివారం. హాజరు: నాయన, మునెమ్మత్త, రాజేశ్వరి, దొరసామి మామ, నేను. వాతావరణం: ఉక్క, ఆకు కదల్లేదు. పనులు: ఊరగాయకు కాయలు తరగడం, నా కథ చదివి వినిపించడం. ఫలితం: ఎవరూ బాగుందనలేదు. చివరి వాక్యం అవుతూనే అత్త లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఇంతే. ఇన్నేళ్ల తర్వాత ఆ పేజీ మళ్లీ తెరవడానికి కారణం తిరుపతిలో ఒక కాలేజీ అమ్మాయి. మొన్న అక్కడ పిల్లలతో మాట్లాడమని పిలిస్తే వెళ్లాను. అంతా అయ్యాక ఆ అమ్మాయి లేచి, "సార్, నేను రాయగలను అన్న నమ్మకం మీకు ఎప్పుడు వచ్చింది?" అని అడిగింది. "ఇంటికి వెళ్లి డైరీ చూసి చెప్తానమ్మా" అన్నాను. హాలంతా నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు. పదో తరగతి నుంచి ఒక్క రోజు తప్పకుండా డైరీ రాస్తున్న మనిషిని. ఏ రోజు ఎవరు వచ్చారు, ఏ కూర వండారు, కుళాయి ఎన్నింటికి వచ్చింది, ఎదురింటి ఆవు ఎప్పుడు ఈనింది, అన్నీ ఉన్నాయి. అలాంటప్పుడు నాలోని అనుమానం ఇల్లు ఖాళీ చేసిన తారీఖు మాత్రం ఎందుకు ఉండదు? రెండు రోజులు అటక మీది పెట్టెలన్నీ దించి వెతికాను. అనుమానం వచ్చిన రోజులు కొల్లలుగా దొరికాయి. పోయిన రోజు ఎక్కడా రాసి లేదు. దానికి దగ్గరగా ఉన్నది ఈ ఒక్క పేజీ, దాని మర్నాటి పేజీ. ఆ మర్నాటి పేజీలో నేను రాసింది ఒకటిన్నర వాక్యం. కనుక డైరీ ఎగ్గొట్టిన పని ఇప్పుడు జ్ఞాపకం చెయ్యాలి.

మా నాయన చిత్తూరు రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట కూర్చుని దస్తావేజులు రాసేవాడు. రోజూ సాయంత్రం ఇంటికి తెచ్చుకునే ఒక చిన్న బల్ల, దాని మీద అద్దుడు కాగితం, సిరాబుడ్డి, పొడుం డబ్బా. క్రయపత్రమైనా, భాగపంపకాలైనా, రాయడం పూర్తి కాగానే పొడుం ఒక పట్టు పీల్చి, తుమ్మి, గొంతు సవరించుకుని, మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదివి వినిపించేవాడు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, సాక్షులు, పక్కన టీ తాగేవాళ్లు, అందరూ వినాలి. విని తలూపితేనే సంతకాలు. ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. బంధువులకు రాసే కార్డు ముక్క కూడా నాయన నలుగురి ముందు చదివించాకే పోస్టు డబ్బాలో వెయ్యనిచ్చేవాడు. పెళ్లయిన కొత్తలో నా భార్య రాజేశ్వరి తన పుట్టింటికి రాసిన మొదటి ఉత్తరం మా వసారాలో బహిరంగంగా చదవవలసి వచ్చింది. "ఇక్కడ అందరూ బాగా చూసుకుంటున్నారు" అన్న చోట ఆమె గొంతు కొంచెం తగ్గిందని దొరసామి మామ ఆక్షేపణ కూడా తెలిపాడు.

దొరసామి మామ మాకు పక్కింటివాడు, నాయనకు శాశ్వత సాక్షి. ఎవరి భూమి ఎవరికి అమ్ముడుపోయినా సాక్షుల్లో రెండో సంతకం ఆయనదే. రోజూ కాగితాల కింద సంతకం పెట్టి పెట్టి, చివరికి ఎవరేం చెప్పినా చేతులు వెనక్కి కట్టుకుని, తల ఒక పక్కకు వంచి వినేవాడు. ఎదురుగా నిలబడినవాడికి కోర్టులో ఉన్నట్టు అనిపించేది.

అటువంటి ఇంట్లో నేను కథలు రాయడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. పొద్దున ఫైళ్లు, సాయంత్రం నోటుపుస్తకం. నా కథలన్నీ జరిగినవే. వీధిలో జరిగింది, ఆఫీసులో జరిగింది, బంధువుల ఇళ్లలో జరిగింది. ఒకసారి ఒక కథలో "బయట వాన కురుస్తోంది" అని రాసి, అనుమానం వచ్చి ఆ తారీఖు డైరీ తీసి చూశాను. వాన లేదు. కొట్టేశాను. ఇంకో కథలో పెళ్లికొడుకు అన్న గారికి మీసం పెట్టాలనిపించింది. ఆయనకు నిజంగా మీసం లేదు. రెండు రోజులు మథనపడి మీసం తీసేశాను. అలా నిక్కచ్చిగా రాసినవన్నీ పత్రికలకు పంపితే, నిక్కచ్చిగా తిరిగి వచ్చేవి. ఒక సంపాదకుడు పాపం ఓపిక చేసుకుని కవరు మీదే రెండు ముక్కలు రాశాడు: వివరాలు దండిగా ఉన్నాయి, కల్పన లేదు. ఆ మాట నాకు జ్వరంలా పట్టుకుంది. కల్పన అనేది పుట్టుకతో వచ్చేదనీ, నేను పుట్టినప్పుడు నా పక్కనుంచే వెళ్లిపోయిందనీ తీర్మానించుకున్నాను. ఇంట్లో ఎవరైనా "కథ రాస్తా ఉండావా?" అని అడిగితే, "లేదు, నకలు తీస్తా ఉండా" అనేవాణ్ణి. వాళ్లు నవ్వేవాళ్లు. నాకు మాత్రం అది నవ్వులాట కాదు.

ఇంతలో ఒకసారి తిరుపతి నుంచి వస్తుంటే పూతలపట్టు కూడలి దగ్గర మా బస్సు చక్రం పంక్చరైంది. అందరం దిగి నిలబడ్డాం. రోడ్డు పక్కన ఖాళీ స్థలం, అంతే. అక్కడ ఎవరూ లేరు. లేరు కనుకనే కాబోలు, ఆ ఖాళీలో ఒక గుడిసె ఉంటే ఎలా ఉంటుందా అనుకున్నాను. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్మే ఒక పిల్ల, పేరు చెంగమ్మ. మొగుడు లారీ క్లీనరు. మామిడికాయల లోడుతో మద్రాసు వెళ్లి, మళ్లీ రాలేదు. చెంగమ్మ ప్రతి లారీ దగ్గరికీ కాయల బుట్ట పట్టుకుని పోతుంది. అందరూ బేరం కోసమనుకుంటారు. ఆమె చూసేది మాత్రం డ్రైవరు పక్క సీటు వైపు. చక్రం మార్చేలోగా ఇదంతా తయారైంది. దొంగతనం చేసినవాడిలా బస్సెక్కి కూర్చున్నాను.

ఇంటికి వచ్చి పది రోజులు రాశాను. ఒక్క ముక్క నిజం లేదు. ఆసరా లేకుండా నిలబడలేని మనిషిని కనుక, నాకు తెలిసిన ఒకే ఒక ఆసరా పట్టుకున్నాను: నాయన దస్తావేజుల్లో రాసినట్టు, ఆ గుడిసెకు నాలుగు హద్దులు రాశాను. తూర్పున పంచాయతీ బోరింగు, దక్షిణాన రోడ్డు, పడమట మూతబడిన సైకిల్ షాపు, ఉత్తరాన చెరుకు తోట. రాజేశ్వరికి మాత్రం అసలు సంగతి చెప్పాను. "ఇది మొత్తం అబద్ధం. ఇది కూడా కుదరకపోతే ఇంక నాకు చేతకాదని అర్థం. నోటుపుస్తకాలన్నీ కట్టకట్టి చిల్లరకొట్టుకు ఇచ్చేద్దాం, పొట్లాలకు పనికొస్తాయి" అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "పురికొస ఉండాది. పొడవు సాలుతుందో లేదో సూడల్ల" అంది. నన్ను ఓదార్చడంలో ఆమె పద్ధతి అది.

ఇక ఆ ఆదివారం సాయంత్రం. వసారాలో చాప పరిచి మునెమ్మత్త కత్తిపీట ముందు కూర్చుంది. అత్త నాయనకు అక్క. ఆమె భర్త పోయినప్పటి నుంచి మా దగ్గరే. ఊరగాయ కాయలు ఇంకెవరు తరిగినా ఆమెకు నచ్చదు. టెంక సమంగా చీలాలి, ముక్కకు జీడి అంటి ఉండకూడదు. పక్కన రాజేశ్వరి ముక్కలను తడిగుడ్డతో తుడుస్తోంది. పచ్చి మామిడి పులుపు వాసన, లోపల రోట్లో దంచిన ఆవపొడి ఘాటు, నాయన పొడుం, మూడూ కలిసి ఇల్లంతా తుమ్ములు. దొరసామి మామ చేతులు వెనక్కి కట్టుకుని స్తంభానికి ఆనుకున్నాడు. నాయన కుర్చీలో కూర్చుని, "ఊ, సదువు" అన్నాడు.

గుడిసె హద్దుల దాకా వచ్చానో లేదో నాయన చెయ్యి ఎత్తాడు. "ఆపు. బోరింగును హద్దుగా రాయకూడదు."

"ఎందుకు నాయనా?"

"రేపు పంచాయతీవోళ్లు పీకేస్తే తూర్పు హద్దు యాడుంటాది?"

"ఇది కథ నాయనా."

"కథయితే మాత్రం? హద్దు అట్ల ఇట్ల తిరగొచ్చునా?"

దొరసామి మామ అందుకున్నాడు. "అదీగాక, ఆ పిల్ల మొగుని పేరు రాస్తివి. వాళ్ల నాయన పేరు ఏదప్పా? ఉత్త పేరు సెప్తే యాడని ఎతికేది?"

"మామా, ఎవరూ ఎతకరు. మీరు వినండి" అన్నాను. అత్త మాత్రం తల ఎత్తకుండా, "వాణ్ణి సదవనీండ్రా, మీ హద్దులు పాడుగాను" అంది.

చదివాను. కత్తిపీట చప్పుడు మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. అత్త చేతులు నొప్పి పెట్టాయనుకున్నాను. చివర్లో, వానకు తడిసిన ఒక లారీ కూడలిలో ఆగుతుంది. చెంగమ్మ బుట్ట ఎత్తుకుని దాని వైపు నడుస్తుంది. అక్కడితో ఆపేశాను. ఆపడంలో కళ ఏమీ లేదు. ఆ లారీలో ఎవరున్నారో రాసే ధైర్యం నాకు లేకపోయింది. కాగితాలు మడిచాను. అత్త లేచి, చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. సగం తరిగిన కాయ పీట మీదే ఉంది. నాయన పొడుం డబ్బా తెరిచి, పీల్చకుండానే మూశాడు. "ఊ" అన్నాడు. దొరసామి మామ, "నేను ఇన్నానప్పా. ఇన్నట్టు సంతకం కావల్లంటే పెడతా" అని తన ఇంటికి నడిచాడు. తీర్పు తెలిసిపోయింది. నోటుపుస్తకాలు దించి పురికొసతో నేనే కట్టాను. పురికొస సరిపోయింది.

ఇక్కడ ఒక మాట. ఆ పిల్లకు, అంటే కాలేజీ అమ్మాయికి, సమాధానం రాయబోతే నాకు ఇదే అడ్డొచ్చింది. అనుమానం ఏదో ఒకరోజు పోతుందని ఆ అమ్మాయి ఆశ. పోదమ్మా. ఆ తర్వాత నేను రాసినవి పత్రికల్లో వచ్చాయి, పుస్తకాలయ్యాయి. ఇవాళ్టికీ కొత్త కాగితం ముందు కూర్చుంటే, ఆ కవరు మీది రెండు ముక్కలు ముందు వచ్చి కూర్చుంటాయి. మారింది ఒక్కటే: ఇప్పుడు వాటిని పక్కకు జరగమంటాను. అవి కొంచెం జరుగుతాయి. ఈ రోజుల్లో కథ పూర్తి చేసి ఫోనులో పదిమందికి పంపిస్తాను. నిమిషం తిరక్కుండా బొటనవేళ్లు, పువ్వులు, చప్పట్లు వస్తాయి. అంత వేగంగా ఎలా చదివారో నేను అడగను, వాళ్లు చెప్పరు. అప్పట్లో మా ఇంట్లో ఒక్క మెచ్చుకోలు మాట పుట్టేది కాదు. కానీ నలుగురు మనుషులు చేతిలో పని ఆపేవాళ్లు. ఆ పని ఆగడాన్ని వినడం నాకు అప్పుడు తెలియలేదు. కత్తిపీట ఆగిందని చెవి చెప్పినా, డైరీలో "ఎవరూ బాగుందనలేదు" అని రాసుకున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తానని గర్వపడే మనిషి సంగతి ఇది.

మర్నాడు సోమవారం. నేను పళ్లు తోముకుని వచ్చేసరికి మునెమ్మత్త వసారాలో నిలబడి ఉంది. పెళ్లిళ్లకు కట్టే ఆకుపచ్చ నేతచీర, నున్నగా దువ్విన తల, చేతిలో సంచి. సంచిలోంచి పెరుగన్నం గిన్నె మూత కనిపిస్తోంది.

"పూతలపట్టు బస్సు ఎన్ని గంటలకురా?" అంది.

"పూతలపట్టులో ఏం పనత్తా?"

"ఆ పిల్లను సూసేదానికి."

"ఏ పిల్ల?"

"ఏ పిల్ల అంటావేమిరా? నిన్న సాయంత్రం అంతసేపు ఏడిపించి! సెంగమ్మ. మా మరిది కొడుకు బంగారుపాళ్యంలో మామిడికాయల లారీలు మాట్లాడి పంపిస్తా ఉండాడు గదా. వానికి తెలీని క్లీనరు ఉండాడా? ఆ పిల్లను తోడుకోని నేరుగా వాని దగ్గరికే పోతా. నువ్వు లారీ నంబరు రాయకపోతివి. నాలుగు దిక్కులూ రాసినోడివి, అదొక్కటి రాసుంటే నీ సొమ్మేం పోయిండేది?"

నాకు అప్పుడు అర్థమైంది. మా ఇంట్లో కథ అంటే జరిగిన సంగతే. నేను అంతవరకు చదివినవన్నీ జరిగినవే. వాళ్లకు తెలిసినవాళ్ల గురించే. ఇది కూడా అంతే అనుకున్నారు. అత్త కాయలు వదిలి లోపలికి వెళ్లింది చీర వెతుక్కోవడానికి! అయోమయంగా నాయన వైపు తిరిగాను. అబద్ధపు సాక్ష్యాలు, దొంగ వారసులు, లేని హద్దులు, అన్నీ చూసిన మనిషి. ఆయన అక్కకు నచ్చజెప్తాడనుకున్నాను. నాయన బల్ల ముందు కూర్చుని ఒక తెల్లకాగితం మీద సిరా ఆరేలా ఊదుతున్నాడు.

"ఆ పిల్లకు సంతకం వచ్చునా, వేలిముద్రా?" అన్నాడు.

"ఏంటి నాయనా అది?"

"అర్జీ. మొగుడు కనపడలేదని పోలీసోళ్లకు. అక్క సేతికిచ్చి పంపిస్తా. బోరింగు తీసేసినా. దాని పక్కనుండే మైలురాయిని హద్దు పెట్టినా. రాయి యాడికీ పోదు."

"నేను మైలురాయి రాయలేదే."

"నువ్వు రాయకపోతే లేకుండా పోతుందా? రోడ్డన్నాక ఉంటాది."

లోపల వంటింటి తలుపు వెనక రాజేశ్వరి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. ఇంక తప్పలేదు. "నాయనా, అత్తా, చెంగమ్మ లేదు. గుడిసె లేదు. క్లీనరు లేడు. అక్కడ ఖాళీ స్థలం. అంతా నేనే అల్లినాను" అన్నాను. రాసినప్పటి కన్నా చెప్పినప్పుడే ఎక్కువ అబద్ధం ఆడుతున్నట్టు అనిపించింది.

నాయన అర్జీని ఒకసారి పైనుంచి కిందికి చూసుకున్నాడు. "బోరింగు?"

"లేదు."

"సెరుకు తోట?"

"అదీ లేదు."

పొడుం డబ్బా తీసి, ఈసారి నిండుగా ఒక పట్టు పీల్చాడు. తుమ్మలేదు. "నేను ఈ బల్ల ముందర కూర్చున్నప్పట్నించీ ఎంతమందో వచ్చి ఎన్నో సెప్పినారు. ఎవుడి అబద్ధమైనా మూడో వాక్యంలో దొరికిపోయేది. నువ్వు నాతో అర్జీ రాయిస్తివి గదరా" అన్నాడు. కోపమో కాదో ముఖం చూస్తే తెలియలేదు. కానీ ఆ కాగితాన్ని చించలేదు. మడిచి, పూర్తయిన దస్తావేజులు పెట్టుకునే అరలో పెట్టాడు.

అత్తకు మాత్రం నిఖార్సయిన కోపం వచ్చింది. "లేని పిల్ల కోసం నేను రాత్రంతా పొర్లితినా? నీ సెయ్యి ఇరగ! అంత అబద్ధం ఎట్ల పుట్టెరా నీకు?" అని సంచి ఒళ్లో పెట్టుకుని గడప మీద కూలబడింది. నేను తలవంచుకుని నిలబడ్డాను. దొరసామి మామ గోడ అవతల నుంచి తల పెట్టి, "ఏమక్కా, పొద్దున్నే?" అన్నాడు. "ఏమీలేదు పో. నిన్న నువ్వు సంతకం పెట్టకపోయింది మేలు" అంది అత్త.

వీధిలో పాలవాడు వెళ్లాడు. తర్వాత అత్త నా వైపు చూడకుండా అడిగింది.

"సరే. ఆ లారీలో వచ్చినాడా, లేదా?"

"ఎవరత్తా?"

"ఆ పిల్ల మొగుడు. ఇంకెవురు?"

"అది... నేను రాయలేదత్తా."

"అయితే పోయి రాయి. నేను ఈడే కూర్చోనుంటా."

చీర మార్చుకోమన్నా వినలేదు. ఆఫీసుకు సెలవు చీటీ రాసి దొరసామి మామ చేతికిచ్చాను. కారణం: జ్వరం. నా ఉద్యోగంలో అది మొదటి అబద్ధం, నా జీవితంలో రెండోది. రాజేశ్వరి నోటుపుస్తకాల కట్ట తెచ్చి నా ముందు పెట్టి, పురికొస విప్పి ఉండగా చుట్టుకుంది. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. కాగితం మీద లారీ ఆగి ఉంది, చెంగమ్మ నడుస్తోంది. చాలాసేపటికి నాకు ధైర్యం చాలక, గడప వైపు తిరిగి, "వచ్చినాడని రాసేదా అత్తా, రాలేదని రాసేదా?" అన్నాను.

అత్త సంచిని ఒళ్లో ఒక వైపు నుంచి ఇంకో వైపుకు జరుపుకుంది. విసుగ్గా నా వైపు చూసింది.

"నన్ను అడుగుతావేమిరా? నాకేం తెలుసు? ఆ పిల్లను సూసినోడివి నువ్వు గదా."